తవ్వితే తరిగేది బొగ్గు, మిగిలిస్తే పెరిగేది చేప
(గోదావరి పులస కథ, వేటకు హద్దు ఎందుకు అన్న వివరణ)



మన ఊరి పేరు గోదావరిఖని. ఈ ఒక్క పేరులోనే రెండు సంపదలు ఉన్నాయి. ఒకటి గోదావరి, రెండోది ఖని. ఖని గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మనలో చాలామంది నాన్నలో, మేనమామలో, తాతలో బాయిలో పనిచేసినవారే. ఎంత జాగ్రత్తగా తవ్వినా బొగ్గు ఏదో ఒకనాటికి అయిపోతుంది. బెల్లంపల్లిలో గనులు మూతబడి ఆ పట్టణం ఎలా చిన్నబోయిందో మన పెద్దలు చూశారు. తవ్విన చోట మళ్ళీ బొగ్గు పుట్టదు.

గోదావరిలోని చేప అలాంటిది కాదు. అది గుడ్లు పెడుతుంది, పిల్లలు చేస్తుంది, మళ్ళీ పెరుగుతుంది. సరిపడా మిగిలిస్తే ఎన్ని తరాలైనా తినవచ్చు. అయినా ఎన్నటికీ తరగకూడని ఈ సంపదను మనుషులు బొగ్గును తవ్వినట్టు తవ్వేస్తున్నారు. మన గోదావరిలో అలా తగ్గిపోతున్న ఒక చేప గురించి, దాన్ని కాపాడడానికి వేటకు పెట్టే హద్దుల గురించి ఈ వ్యాసంలో మేము తెలుసుకున్నంత చెప్పదలచుకున్నాము. ఆ చేప పేరు పులస.

సముద్రంలో ఇలస, గోదావరిలో పులస

పులస మన రామగుండం దగ్గర దొరకదు. అది ఉప్పునీటి చేప. బంగాళాఖాతంలో బతుకుతుంది. అక్కడ ఉన్నప్పుడు దాన్ని ఇలస అనీ, విలస అనీ పిలుస్తారు. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చి సముద్రంలో కలిసేటప్పుడు, జూలై నుంచి ఈ చేపలు నదిలోకి ప్రవేశించి ప్రవాహానికి ఎదురు ఈదుతాయి. అప్పుడు దాని పేరు పులస అవుతుంది. బెంగాలీలు దీన్నే ఇలిష్ అంటారు. బంగ్లాదేశ్‌కు ఇది జాతీయ చేప.

సముద్రం వదిలి నదిలోకి ఎందుకు వస్తుంది? గుడ్లు పెట్టడానికి. ఈ విషయం మనకు కొత్త కాదు. మన పల్లెల్లో తొలకరి వానలకు చెరువు మత్తడి దూకితే, ఒర్రెల్లోనూ వాగుల్లోనూ చేపలు ఎదురెక్కుతాయి కదా! పులస చేసేదీ అదే పని. మన చేపలు చెరువు నుంచి వాగులోకి ఎక్కితే, పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎక్కుతుంది. మంచినీటిలో గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడ చేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. అవి దాదాపు ఒక్క రోజులోనే పొదుగుతాయి. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి తర్వాత సముద్రానికి పోతాయి. పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టడానికి నదికి వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పులస నదిలోకి వచ్చేది కడుపులో గుడ్లతో. మనుషులు దానికోసం ఎగబడేదీ సరిగ్గా అప్పుడే. ఎదురీదిన చేపకు రుచి ఎక్కువని పేరు. "పుస్తెలు అమ్మైనా పులస తినాలి" అన్న సామెత గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. యానాం వేలంపాటల్లో ఒక్క పులస 20 వేల రూపాయలు దాటి అమ్ముడుపోయిందని ఈ మధ్య సంవత్సరాల్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఒక చేపకు అంత ధర పలికిందంటే సంతోషించాల్సిన విషయమేమీ కాదు. చేప అరుదైపోయిందనడానికి ఆ ధరే గుర్తు. పైగా ధర పెరిగే కొద్దీ మిగిలిన ఆ కాసిని చేపల కోసం వలలు ఇంకా పెరుగుతాయి.

ఎందుకు తగ్గింది?

మొదటి కారణం అడ్డుకట్టలు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన దవళేశ్వరం ఆనకట్ట గోదావరి జిల్లాలకు అన్నం పెట్టింది. అందులో సందేహం లేదు. కానీ ఎదురు ఈదే చేపకు అది గోడ అయింది. తర్వాత దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. నేడు పులస వేట ముఖ్యంగా దవళేశ్వరానికి దిగువనే, సముద్రానికి ఆనకట్టకు మధ్య ఉన్న పాయల్లోనే జరుగుతుంది.

గంగానదిలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు ఇలస గంగలో అలహాబాదు దాటి చాలా దూరం వెళ్ళేది. 1975లో పశ్చిమ బెంగాల్‌లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలైన తర్వాత ఎగువన ఆ చేప దాదాపు కనుమరుగైంది.

రెండో కారణం నీరు చెడిపోవడం, వరద తగ్గడం. ఎర్రనీరు బలంగా సముద్రం వరకు రాకపోతే చేపకు పిలుపు అందదు.

మూడో కారణం హద్దు లేని వేట. పెద్ద చేపను గుడ్లతో ఉండగానే పట్టడం, సన్నకన్ను వలలతో పిల్లల్ని కూడా ఊడ్చేయడం. ఆనకట్టను మనం కూలగొట్టలేము. కానీ వేటను మాత్రం మనుషులు అనుకుంటే రేపటి నుంచే సరిచేసుకోవచ్చు. అందుకే ఈ వ్యాసంలో దాని గురించే ఎక్కువగా చెబుతున్నాము.

ఒక చిన్న లెక్క

తమ్ముళ్ళ కోసం ఒక లెక్క చెబుతాము. ఇది ఊహించి వేసిన లెక్క, కానీ విషయం బోధపడుతుంది.

ఒక చెరువులో 100 చేపలు ఉన్నాయనుకోండి. ఏటా 100కు 20 చొప్పున పెరుగుతాయనుకోండి. మనం ఏటా 20 పట్టుకుంటే సంవత్సరం చివర మళ్ళీ 100 ఉంటాయి. ఎన్నేళ్ళయినా అంతే.

ఇప్పుడు ఆశపడి ఏటా 30 పడదాం. మొదటి ఏడు 100 కాస్తా 120 అవుతాయి, 30 పోతే 90 మిగులుతాయి. రెండో ఏడు 90 కాస్తా 108 అవుతాయి, 30 పోతే 78. మూడో ఏటికి 64, నాలుగో ఏటికి 46, అయిదో ఏటికి 25 మిగులుతాయి. ఆరో ఏడు మిగతావి పట్టేస్తే చెరువు ఖాళీ. ఏడాదికి పది చేపలు ఎక్కువ తిన్నందుకు ఆరేళ్ళలో కథ ముగిసింది. మొత్తం తిన్నది 180. ఏడాదికి 20తో సరిపెట్టుకున్నవాడు తొమ్మిదేళ్ళలో అదే 180 తింటాడు. అతని చెరువులో ఇంకా 100 చేపలు ఉంటాయి.

మొదటి రెండేళ్ళు 30 పట్టినవాడే తెలివైనవాడిగా కనిపిస్తాడన్నది కూడా గమనించండి. చెరువులో ఏం జరుగుతోందో పైనుంచి కనిపించదు. నష్టం తెలిసేనాటికి ఆలస్యమైపోతుంది.

బాయిలో మన నాన్నలు చేసే పనిని గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గ్యాలరీలు తవ్వుకుంటూ పోయేటప్పుడు మధ్యలో బొగ్గు పిల్లర్లను వదులుతారు. ఆ పిల్లరులో ఉన్నది కూడా మంచి బొగ్గే. అయినా ముట్టరు. ఎందుకంటే పైకప్పు దాని మీదే ఆగి ఉంది. గుడ్లు పెట్టే పెద్ద చేప కూడా అలాంటి పిల్లరే. చేపల సంతతి మొత్తం దాని మీద ఆగి ఉంది.

హద్దులు ఎన్ని రకాలు?

వేటకు హద్దు అంటే వేట మానేయడం కాదు. ప్రపంచమంతటా ముఖ్యంగా అయిదు రకాల హద్దులు వాడుతున్నారు.

1. కాలానికి హద్దు: గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపడం. బాయికి ప్లేడే ఉన్నట్టే నదికీ కొన్ని రోజులు సెలవు.

2. సైజుకు హద్దు: ఇంత పొడవు లోపు చేపను పట్టకూడదు, పడితే వదిలేయాలి. ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం దానికి ఇవ్వాలి. కొన్ని చోట్ల మరీ పెద్ద చేపలను కూడా వదలమంటారు. పెద్ద ఆడ చేప చిన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గుడ్లు పెడుతుంది.

3. సంఖ్యకు హద్దు: ఒక మనిషి రోజుకు ఇన్నే పట్టాలి. లేదా ఒక రాష్ట్రం ఏడాదికి ఇన్ని టన్నులే పట్టాలి.

4. వలకు హద్దు: వల కన్ను ఇంతకంటే చిన్నగా ఉండకూడదు. అప్పుడు పిల్లలు వాటంతట అవే జారిపోతాయి.

5. చోటుకు హద్దు: గుడ్లు పెట్టే మడుగుల్లో, పిల్లలు పెరిగే పాయల్లో వేట నిషేధం.

మూడో హద్దు మన హాస్టల్ మెస్‌లో రోజూ చూసేదే. గుడ్డు ఇచ్చే రోజు ఒక్కొక్కరికి ఒక్కటే. ముందు వరుసలో ఉన్నవారు మూడేసి తీసుకుంటే చివర నిలబడ్డ మూడో తరగతి పిల్లవాడికి ఉత్త అన్నమే మిగులుతుంది. ఈ నియమం అందరికీ ఒకేలా ఉంటేనే నిలుస్తుంది. "నేను వదిలితే పక్కవాడు పట్టుకుపోతాడు" అన్న అనుమానం వచ్చిన రోజు ఎవరూ వదలరు. చేపల వేటలో జరుగుతున్నది సరిగ్గా అదే.

అమెరికా చేప చెప్పిన పాఠం

పులసలాగే సముద్రంలో బతికి, నదిలో గుడ్లు పెట్టే చేప అమెరికా తూర్పు తీరంలో ఒకటి ఉంది. దాని పేరు స్ట్రైప్డ్ బాస్. ఒంటి మీద నల్లని చారలుంటాయి. అక్కడ లక్షలాది మంది సరదాగా గాలం వేసి దీన్ని పడతారు. వలలతో వ్యాపారానికి పట్టేవారూ ఉన్నారు. 1973లో వ్యాపార వేటలో సుమారు 6,700 టన్నులు దొరికిన ఈ చేప 1983 నాటికి సుమారు 1,600 టన్నులకు పడిపోయింది. 1984లో ఆ దేశం దానికోసమే ఒక చట్టం చేసింది. ఈ చేపలు ఎక్కువగా పుట్టే చీసాపీక్ అఖాతం ఒడ్డున ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రం 1985 నుంచి 1990 వరకు వేటను పూర్తిగా ఆపేసింది. చేప తిరిగి పెరిగింది. 1995లో కోలుకుందని అధికారికంగా ప్రకటించారు.

కథ అక్కడితో అయిపోలేదు. హద్దులు సడలాయి, గాలాలు పెరిగాయి. 2019లో ఈ చేప మళ్ళీ మోతాదు మించిన వేటకు గురైందని తేల్చారు. 2020 నుంచి సముద్రంలో గాలం వేసేవారికి రోజుకు ఒక్క చేపే అన్నారు. అది కూడా 28 నుంచి 35 అంగుళాల లోపు ఉండాలి. 2023లో పై కొలతను 31 అంగుళాలకు తగ్గించారు. అంటే సుమారు 71 సెంటీమీటర్ల కంటే చిన్నదీ, 79 సెంటీమీటర్ల కంటే పెద్దదీ వదిలేయాల్సిందే. ఒకసారి కోలుకుంది కదా అని మరిచిపోతే చేప మళ్ళీ తగ్గుతుందన్నది దీని పాఠం.

బంగ్లాదేశ్ ఏం చేసింది?

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ బంగ్లాదేశ్. అక్కడి చేప మన పులసే. 2002-03లో అక్కడ ఇలిష్ దిగుబడి సుమారు 2 లక్షల టన్నులకు తగ్గింది. ఆ తర్వాత ప్రభుత్వం గట్టి చర్యలు తీసుకుంది. 25 సెంటీమీటర్ల లోపు ఇలిష్ పిల్లలను నవంబర్ 1 నుంచి జూన్ 30 వరకు పట్టకూడదు. మన జామెట్రీ డబ్బాలోని చిన్న స్కేలు కంటే పెద్దదీ, 30 సెంటీమీటర్ల పెద్ద స్కేలు కంటే చిన్నదీ ఈ కొలత. అక్టోబర్‌లో పౌర్ణమికి అటూ ఇటూ, చేపలు ఎక్కువగా గుడ్లు పెట్టే రోజుల్లో వేట నిషేధం. 2016 నుంచి ఇది 22 రోజులు. ఆ రోజుల్లో పట్టడమే కాదు, అమ్మడం, దాచడం, రవాణా చేయడం కూడా నేరమే. పిల్లలు పెరిగే నదీ భాగాలను వేట లేని ప్రాంతాలుగా ప్రకటించారు.

ఫలితంగా 2017-18 నాటికి దిగుబడి 5 లక్షల టన్నులు దాటింది. ఈ మధ్య మళ్ళీ కొంత తగ్గుదల కనిపిస్తోంది, అయినా పాత రోజుల కంటే రెట్టింపు పైనే ఉంది.

ఇందులో మేము అన్నిటికంటే ముఖ్యమని భావించేది ఒకటుంది. వేట ఆపమన్నప్పుడు జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? బంగ్లాదేశ్ ప్రభుత్వం పిల్ల చేపల వేట నిషేధ కాలంలో పేద జాలరి కుటుంబాలకు నెలకు 40 కిలోల చొప్పున నాలుగు నెలలు బియ్యం ఇస్తూ వచ్చింది. అందరికీ అందలేదని, సరిపోలేదని విమర్శలు ఉన్నా ఆ ఆలోచన సరైనది. బాయి ఆగితే కార్మికుడికి లే-ఆఫ్ జీతం అడుగుతాము. నది ఆగితే జాలరికీ అదే న్యాయం వర్తించాలి. పేదవాడి కడుపు మీద పెట్టిన హద్దు ఎక్కువ రోజులు నిలవదు. రాత్రిపూట దొంగవేట మొదలవుతుంది.

మన దగ్గర ఏం ఉంది, ఏం లేదు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రాల పడవలకు సముద్రంలో వేట నిషేధం ఉంది. అంతకుముందు 47 రోజులుగా ఉన్నదాన్ని 2015లో 61 రోజులకు పెంచారు. ఈ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయం 2019లో 10 వేల రూపాయలు అయింది. 2025లో దాన్ని 20 వేలకు పెంచారు.

ఇది మంచిదే. కానీ తేదీలు ఒకసారి చూడండి. నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పులస నదిలోకి రావడం జూలైలో మొదలవుతుంది. అంటే గుడ్లతో ఎదురీదే పులసకు ఈ 61 రోజుల రక్షణ అందదు. ఇతర సముద్ర చేపలకు పనికొచ్చే నిషేధం పులసకు అదే తేదీల్లో పనికిరాదు. ఏ చేపకు ఆ చేప బతుకు చూసి హద్దు పెట్టాలని బంగ్లాదేశ్ అనుభవం చెబుతోంది. పశ్చిమ బెంగాల్ కూడా 2013లో 23 సెంటీమీటర్ల లోపు ఇలిష్‌ను పట్టకూడదని, అమ్మకూడదని నిషేధం పెట్టింది. గోదావరి పాయల్లో కూడా వరద రోజుల్లో కొన్ని రోజులైనా వేట ఆపి, ఆ రోజులకు జాలర్లకు సాయం ఇవ్వగలిగితే పులసకు ఊపిరి అందుతుంది.

పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేలో చేపలు ఎక్కి పోవడానికి ప్రత్యేకంగా మెట్ల దారి కట్టారు. పులసను దృష్టిలో పెట్టుకొనే దాన్ని రూపొందించారు. మంచి ఆలోచన. అయితే పులస పోలవరం చేరాలంటే ముందు కింద ఉన్న దవళేశ్వరం దాటాలి. అక్కడిదాకా వలలను తప్పించుకొని రావాలి. దారి ఒక్కటే ఉంటే చాలదు, నడిచే చేప కూడా మిగలాలి.

మన గోదావరి మాటేమిటి?

పులస మన దగ్గరకు రాదు కాబట్టి మనకు సంబంధం లేదనుకోవద్దు. మన గోదావరిలోనూ, చెరువుల్లోనూ ఇదే న్యాయం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనునే తీసుకోండి. వానాకాలంలో నీటి మీద ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లలను చూసే ఉంటారు. ఆ గుంపు కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ సమయంలో గాలం వేయడం చాలా సులువు. కానీ పెద్ద చేప ఒక్కటి పోతే ఆ పిల్లలన్నీ దిక్కులేనివై ఇతర చేపలకు ఆహారమైపోతాయి. ఒక పూట కూర కోసం వచ్చే ఏటి చేపలన్నిటినీ పోగొట్టుకున్నట్టే.

ఇంకొక సంగతి మన బొగ్గు ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్ళలో మందుగుండు పేల్చి చేపలు పట్టడం, విషం కలిపి పట్టడం 1897 నాటి భారత చేపల చట్టం ప్రకారమే నేరం. పేలుడు మందు చేసే పని ఏమిటో మన ఇళ్ళల్లో తెలియనివారు లేరు. బాయిలో అది లైసెన్సు ఉన్న షాట్‌ఫైరర్ చేతిలో, లెక్క ప్రకారం ఉంటుంది. నీటిలో పేలిస్తే చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ చస్తాయి. పైకి తేలేవి కొన్నే, అడుగున కుళ్ళేవి ఇంకెన్నో. వేసినవాడి చేతులు పోయే ప్రమాదం కూడా ఉంది.

తమ్ముళ్ళారా, మీరు సెలవులకు ఊరికి పోయినప్పుడు చెరువుకో వాగుకో తప్పక పోతారు. గాలం వేయవద్దని మేము చెప్పడం లేదు. పిల్ల చేప పడితే నెమ్మదిగా వదిలేయండి. కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే ఆ చోట గాలం వేయకండి. ఎదురెక్కే చేపల్లో కొన్నింటిని పైకి పోనివ్వండి. మందు, విషం వేసే వారితో పోకండి.

అన్నలారా, మీలో ఉద్యోగాల్లో ఉన్నవారు, పంచాయతీల్లో, మత్స్య సహకార సంఘాల్లో మాట చెల్లేవారు ఉన్నారు. సంఘం తీర్మానంలో వల కన్ను కొలత, వానాకాలంలో వేట ఆపే రోజులు రాయించండి. ఆ రోజులకు జాలరి కుటుంబానికి ఏం ఇస్తామో కూడా అదే కాగితంలో రాయించండి. అంగట్లో వేలెడంత పిల్ల చేపలు కుప్పపోసి అమ్ముతుంటే కొనకండి. కొనేవాడు లేకపోతే పట్టేవాడూ ఉండడు.

బొగ్గు విషయంలో మన ముందు తరం ఎంత కష్టపడినా మనకు మిగిల్చేది కొంతే. వాళ్ళ తప్పేం లేదు, దాని స్వభావమే అంత. చేప విషయంలో అలా చెప్పుకోవడానికి మనకు వీలు లేదు. మన హాస్టల్‌లో రేపు చేరబోయే పిల్లల పళ్ళెంలో చేప ముక్క ఉండాలా వద్దా అన్నది ఈ రోజు మనం నీటిలో ఎన్ని వదులుతాము అన్న దాని మీదే ఆధారపడి ఉంది. ఈ విషయం చదివిన ప్రతి ఒక్కరూ ఇంటి దగ్గర మరో ఇద్దరికి చెబుతారని ఆశిస్తున్నాము.